ప్లేటు మీది పాట – తిరగలి వెంట పాట



పాత పాటలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఈ కేంద్రము వారు నన్ను కోరిరి. నేను సంగీత విద్వాంసుడను కాను. పదిమందితో కూర్చుండి విన్న వినికిడియే గాని నాకు వేరు విద్య లేదు. అయినను మా ఇంటి అటక మీద ఒక చెక్కపెట్టె కలదు. అందులో 11 గ్రామఫోను ప్లేట్లు కలవు. ఒకప్పుడు 40కి పైగా ఉండెడివి. ఆ ప్లేట్లను గూర్చియు, వాని మీదికి ఎక్కక పోయిన పాటలను గూర్చియు నాకు తెలిసినంత చెప్పుదును. నాకిచ్చిన వ్యవధి ఇరువది నిమిషములు. ప్లేట్ల లెక్కలో చెప్పవలెనన్న ఆరు వైపులు.

మా ఊరు కృష్ణ పడమటి డెల్టాలో, తెనాలికి దగ్గరలోనిది. మా తాతగారు నేను పుట్టకముందే ఆ గ్రామఫోనును కొనిరి. పైకి బూర కనబడని పెట్టె రకమది. మూత తెరచిన లోపల ఆకుపచ్చని గుడ్డ పరచిన పళ్లెము ఉండెడిది. నేను దానిని ఎరిగిన కాలము 1950 తరువాతి దశకము. అప్పటికే పట్టణములలో రేడియోలు వచ్చియుండెను గాని, మా ఊరికి ఇంకను విద్యుత్తు రాలేదు. గ్రామఫోనునకు విద్యుత్తు అక్కరలేదు గదా! కీ ఇచ్చినచో చాలును. పదియేండ్లు నిండిన మగపిల్లవానికి గాని కీ ఇచ్చు అధికారము లేదు. కమాను తెగునని మా తాతగారి భయము. వైపునకొక ముల్లు మార్చవలెను. వాడిన ముళ్లు ఎవరి కాలికి గుచ్చుకొనునో యని వానిని అగ్గిపెట్టెలో పోగుచేయించి, పాడుబడిన నూతిలో వేయించెడివారు.

సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట పెట్టెను అరుగు మీదికి తెచ్చెడివారు. ఊరి పెద్దలు అరుగు మీదను, పడుచువారు మెట్లమీదను కూర్చుండెడివారు. మా నాయనమ్మయు, ఇంటి ఆడువారును తలుపు చాటున నిలిచి వినెడివారు. మా పొలములలో ఊడ్పులు ఊడ్చెడి కూలివారు వీధికి ఆవలి ప్రక్కన నిలిచి వినెడివారు. వారిని అరుగు మీదికి రమ్మనిన వారెవరును లేరు. అది అప్పటి మాకు వింతగా తోచలేదు. పాట మాత్రము వీధికి ఆ ప్రక్కకును ఈ ప్రక్కకును ఒక్కతీరుగనే వినబడెడిది.

ఇక ఆ ప్లేటు సంగతి. దానిని వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినవారికి వందల గీతలున్నట్లు కనబడును. నిజమునకు ఉన్నది ఒక్కటే గీత. అది అంచున మొదలై చుట్లు చుట్టుకొనుచు నడుమనున్న కాగితపు బిళ్ల దాక పోవును. పళ్లెము నిమిషమునకు 78 సారులు తిరుగును. మూడుంబావు నిమిషముల పాటకు ఇంచుమించు 250 చుట్లు పట్టును. పది అంగుళముల ప్లేటు మీది గీతను విప్పి నిడుపుగా పరచగలిగినచో సుమారు 150 గజముల పొడవుండును. ఆ గాడి తిన్ననిది కాదు. ప్రక్కలకు సన్నసన్నని వంకరలు పోవుచుండును. ఆ వంకరలే పాట. గాయకుని గొంతు గాలిని ఎట్లు కదల్చెనో గాడి అట్లు వంగియుండును. ముల్లు ఆ వంపుల వెంట అటునిటు కదలును. ఆ కదలిక ముల్లును పట్టియున్న గుండ్రని డబ్బీలోని పలుచని రేకునకు చేరును. రేకు కదలి గాలిని కదల్చును. దానిని బూర పెద్దది చేయును. పాత యంత్రములలో ఆ రేకును అభ్రకముతో చేసెడివారు. మన నెల్లూరు సీమలో గూడూరు చుట్టుప్రక్కల త్రవ్విన అభ్రకము వంటిదే అది.

ప్లేటు నల్లగా నుండుటచే దానిని రబ్బరుతోనో తారుతోనో చేసిరని తలచినవారు కలరు. ఆ పాత ప్లేట్లకు ప్రాణము లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు కట్టుకొనెడి గూడే లక్క. ఛోటానాగపూరు అడవులలో అది విస్తారముగా దొరకును. మన ఆడువారు తొడిగిన లక్కగాజులును, ఏటికొప్పాక బొమ్మల మీది రంగుపూతయు దానితో చేసినవే. ఆ లక్కలో రాతిపొడియు మసియు కలిపి, వేడిచేసి, రెండు అచ్చుల నడుమ పెట్టి నొక్కుదురు. రాతిపొడి ఎందులకనిన, అది ముల్లును కొంచెము అరగదీసి గాడికి సరిపడునట్లు చేయును. ఒక వైపు ముగియునప్పటికి ముల్లు మొన చెడిపోవును. దానితోనే మరియొక వైపు వేసినచో గాడిని చెక్కివేయును. మా తాతగారి నియమమునకు కారణమిది. లోభమువలన ఒకే ముల్లుతో పది వైపులు వేసిన ఇండ్లలోని ప్లేట్లు ఏడాది తిరుగకుండ బూడిదరంగుకు తిరిగి, పాటకు బదులు బుసబుసలు పలుకసాగెను.

భారతములోని లక్కయింటి కథ ఎరిగిన మీకు లక్క వేడికి ఓర్వదని వేరుగా చెప్పనక్కరలేదు. ఒక వేసవిలో మా ఇంటి కిటికీలో మరచిన ప్లేటు సాయంకాలమునకు అప్పడమువలె వంగిపోయెను. దానిని రెండు పలకల నడుమ పెట్టి, పైన రుబ్బురాయి ఎత్తి సరిచేయబోయిరి. రెండు ముక్కలయ్యెను.

ఈ విద్య పుట్టుక పరదేశమున. 1877లో అమెరికా దేశస్థుడగు ఎడిసన్ తగరపు రేకు చుట్టిన ఒక స్తంభము మీద మనుష్యుని మాటను నిలిపి మరల పలికించెను. పిదప 1887లో ఎమిల్ బెర్లినర్ అను నాతడు స్తంభమునకు బదులు బల్లపరుపు బిళ్ల మీద గాడి గీయు పద్ధతిని కల్పించెను. ఈ మార్పు చిన్నదిగా కనబడును గాని, వ్యాపారమంతయు దానిలోనే ఉన్నది. బిళ్లకు అచ్చు తీయవచ్చును. ఒక్క అచ్చునుండి పుస్తకములను ముద్రించినట్లు ప్లేట్లను నొక్కవచ్చును. 1902లో గైస్‌బర్గ్ అను నాతడు యంత్రముతో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ అను ప్రసిద్ధ గాయనిచేత పాడించెను. పాట ముగియునప్పుడు ఆమె తన పేరును ఇంగ్లీషులో గట్టిగా పలికెను. అప్పుడు ప్లేట్లను జర్మనీలోని హనోవరు నగరమున అచ్చువేసెడివారు. అక్కడి పనివారికి పాడినవారెవరో తెలియుటకు అట్లు పలికించిరని చెప్పుదురు. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసెను. అంతవరకు మన అడవుల లక్క ఓడలెక్కిపోయి, పాటయై ఓడలలోనే తిరిగివచ్చెడిది.

మొదటి కాలమున పాడువాని ఎదుట మైకు లేదు. ఒక పెద్ద బూర ఉండెడిది. దాని నోటికి తన నోటిని చేర్చి పాడవలెను. మెల్లగా పాడినచో గాడి పడదు. అట్టి యంత్రమునకు కావలసిన గొంతు మన నాటకములవారి దగ్గర సిద్ధముగా ఉండెను. ఆనాటి నటుడు మైకు లేని పందిరిలో, చివరి చాప మీద నిద్రకు జోగుచున్న వానికి గూడ పద్యములోని ప్రతి అక్షరము వినబడునట్లు హెచ్చు శ్రుతిలో పాడవలసియుండెను. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు, బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర, కాళ్లకూరి నారాయణరావుగారి చింతామణి ఊరూర ఆడుచుండిన దినములవి. అద్దంకి శ్రీరామమూర్తి, కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు మొదలగువారి గొంతులు ప్లేట్లమీదికి ఎక్కెను. స్థానంవారు మా తెనాలి శ్రీరామవిలాస సభలో ఆడినవారు. పురుషుడై పుట్టి సత్యభామ వేషముతో వచ్చినచో ముందువరుసలోని స్త్రీలు ఆమె కొప్పు ముడిని, చీర కుచ్చెళ్లను చూచి నేర్చుకొనెడివారని మా నాయనమ్మ చెప్పెడిది. శ్రీకృష్ణ తులాభారములో సత్యభామగా ఆయన పాడిన పాట నేటికిని పెద్దల నోట నున్నది. ఆయనకు 1956లో పద్మశ్రీ బిరుదము లభించెను.

1925 ప్రాంతమున విద్యుత్తుతో, మైకుతో పాటను పట్టు పద్ధతి వచ్చెను. నాటినుండి మెల్లగా పాడువారికిని ప్లేటు మీద చోటు దొరకెను. నా అభిప్రాయమున లలితగీతమనునది ఆ మైకు కడుపున పుట్టిన బిడ్డయే. చెవి దగ్గర గుసగుసలాడునట్లు పాడుట బూర కాలమున సాధ్యమే కాదు.

అయితే మైకు వచ్చినను మారనిది ఒకటి కలదు. అది మూడుంబావు నిమిషముల గడువు. రంగస్థలము మీద పద్యము చదివిన పిమ్మట నటుడు రాగమును తన ఇష్టము వచ్చినంతసేపు, సభవారు ఒప్పినంతసేపు సాగదీయును. వన్స్‌మోరు అన్నచో మరల మొదటికి వచ్చును. చనిపోయి పడియున్న పాత్ర లేచి పద్యము పాడి మరల చచ్చిన సందర్భములను మీలో చూచినవారు ఉందురు. ప్లేటు మీద ఆ స్వేచ్ఛ లేదు. ఒక వైపున రెండు పద్యములు పట్టవలెనన్న రాగము పొట్టి కావలెను. కొన్ని ప్లేట్లలో గాయకుడు చివరి పాదమును పరుగు మీద ముగించుట నేటికిని వినవచ్చును. అంతవరకు ఏనుగువలె నడచిన పద్యము గాడి అయిపోవుచున్నదని తెలియగానే లేగదూడవలె దుమికిపోవును. నాకు చిన్నతనమున అదియే సొగసని తోచెడిది.

అటుమీద జరిగినది మరింత విచిత్రము. అంతకుముందు ఊరూర నాటకములు నేర్పెడి హార్మోనిస్టు ఉండెడివాడు. ఒక్కొక్కడు తన గురువు బాణీలో నేర్పెడివాడు. ఈ ఊరి ధర్మరాజు పాడిన తీరు ఆ ఊరి ధర్మరాజు పాడెడివాడు కాడు. ప్లేట్లు వచ్చిన పిమ్మట అందరును ప్లేటువలె పాడసాగిరి. ప్లేటులో గాయకుడు ఊపిరి పీల్చిన చోటనే మా ఊరి వేషగాడును ఊపిరి పీల్చెడివాడు. గడువు చాలక గాయకుడు తొందరపడిన చోట, గడువు అనునదే లేని మా ఊరి పందిరిలో ఇతడును తొందరపడెడివాడు! మా తాతగారు దీనిని మెచ్చుకొనెడివారు. పాట చక్కబడినదనియు, అపశ్రుతులు తగ్గినవనియు వారి మాట. అది నిజమే. చదువు రాని పాలేరు తెల్లవారుజామున అరక దున్నుచు తిరుపతి వేంకటకవుల పద్యమును తప్పులేకుండ పాడుటకు సగము కారణము నాటకము, సగము కారణము ప్లేటు. కాని పది ఊళ్ల పది బాణీలు పోయి ఒక్కటే మిగిలెను. ఆ తొమ్మిదింటిలో మంచివి లేవని ఎవరు చెప్పగలరు?

సినిమా సంగతి మీకందరికి తెలిసినదే. 1932లో భక్త ప్రహ్లాద వచ్చెను. 1938లో మద్రాసు రేడియో కేంద్రము, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము మొదలయ్యెను. టూరింగు టాకీసులవారు ఆట మొదలుపెట్టుటకు ముందు వేంకటేశ్వరస్వామి మీద ఘంటసాల పాడిన భక్తిగీతమును వేసెడివారు. ఆ పాట పొలాల మీదుగా వినబడగానే మా ఇంట అన్నము తినుచున్నవారు మజ్జిగ మాని లేచెడివారు. గడియారము లేని ఊరికి ఆ ప్లేటే గడియారము. పెండ్లిండ్లకు మైకు సెట్టువాడు బ్యాటరీలు మోసుకొని వచ్చి, కొబ్బరిచెట్టుకు బూర కట్టి, రాత్రి తెల్లవార్లు వేసెడివాడు. వానిని గూర్చి మంచిమాట చెప్పుటకు నాకు నోరు రాదు.

ఘంటసాలను గూర్చి మాత్రము ఒక్క మాట. కరుణశ్రీగారి పుష్పవిలాపమును ఆయన పాడిన ప్లేటు విన్న పిమ్మట మా అక్క కొన్నాళ్లు పూలు కోయుట మానెను. ఆయన 1974 ఫిబ్రవరిలో పరమపదించిరి. ఆయన పాడిన భగవద్గీత ఆ ఏడే వెలువడెను. ఆ గానము ఇంటింట పారాయణమునకు పనికివచ్చుననియే అందరు తలచిరి. కాలక్రమమున మన పల్లెలలో దానిని చావుపట్టున వేయు ఆచారము పడినది. ఇప్పుడు తెల్లవారుజామున ఆ గొంతు దూరమునుండి వినబడిన, వీధిలోనివారు తలుపు తీసి, ‘ఎవరు పోయినారు?’ అని అడుగుదురు. అర్జునుని లేచి నిలువుమని బోధించిన గీత అది. పాటకు ఎట్టి బ్రతుకు రాసిపెట్టియుండునో పాడినవాడు ఎరుగడు.

ఇక ప్లేటు మీదికి ఎక్కని పాటల సంగతి. మా నాయనమ్మ తెల్లవారకముందే లేచి తిరగలి ముందు కూర్చుండెడిది. ఎదుట మా మేనత్త. ఇద్దరు ఒకే పిడిని పట్టి త్రిప్పుచు పాడెడివారు. సీతమ్మవారి పాటలు, ఊర్మిళాదేవి నిద్ర, కుశలవుల కథ మొదలైనవి. లక్ష్మణుడు అడవికి పోగా పదునాలుగేండ్లు నిద్రించిన ఊర్మిళ కథ వాల్మీకములో లేదు. మన ఆడువారి నోట నున్నది. ఆ పాటకు నిమిషముల లెక్క లేదు. కుంచెడు బియ్యము పిండి అగునంతవరకు పాట సాగును. పిండి త్వరగా అయినచో పాట మరునాటికి నిలుచును. ఊడ్పుల పాట మడి గట్టు చేరునంతసేపు. ఏతము పాట తొట్టి నిండునంతసేపు. రోకటి పాట ధాన్యము పొట్టు విడచునంతసేపు. అవి పనిని కొలత చేసికొనిన పాటలు. మూడుంబావు నిమిషముల చాలులో అవి ఎట్లు ఇమడగలవు?

వానిని ప్లేట్లమీదికి ఎక్కింపలేదని నేను చెప్పుట కాదు. వింజమూరి సోదరీమణులు అనసూయ, సీత జానపదుల పాటలను సేకరించి, నేర్చి, రేడియోలోను ప్లేట్లమీదను పాడిరి. వారివలననే పట్టణములలోని చదువుకొన్నవారికి పల్లెపాట మీద గౌరవము కలిగెను. నేదునూరి గంగాధరముగారు, బిరుదురాజు రామరాజుగారు పాటల మాటలను గ్రంథములలో నిలిపిరి. వీరి ఋణము తెలుగువారు తీర్చుకొనలేరు. కాని గ్రంథములో మాట ఉండును, గొంతు ఉండదు. ప్లేటులో గొంతు ఉండెను. అది పాడ నేర్చిన గాయని గొంతు, ప్రక్కన హార్మోనియము. మోకాలిలోతు బురదలో నడుము వంచి పాడిన ఊడ్పుకత్తె ఊపిరి అందులో లేదు. కంపెనీవారిని తప్పుపట్టి లాభము లేదు. వారు అమ్ముడుపోవుదానిని అచ్చువేసిరి. కొనువాడు అరుగు మీద కూర్చున్నవాడు గాని వీధికి ఆవల నిలిచినవాడు కాడు గదా!

మా ఊరికి పిండిమర వచ్చెను. నాయనమ్మ తిరగలి గొడ్లసావడికి చేరెను. ఆమె పాట మానుమని ఎవరును చెప్పలేదు. మానివేసినదని మాలో ఎవరును గమనింపను లేదు. నేను గమనించినది 1978లో. విదేశమునుండి వచ్చిన మా బంధువు ఒకరు నాకు టేపురికార్డరు నొకదానిని ఇచ్చిరి. దాని ఎదుట ఆమెను కూర్చుండబెట్టి ఊర్మిళాదేవి నిద్ర పాడుమంటిని. ఆమె రెండు చరణములు పాడి నిలిచిపోయెను. మరల మొదలిడి మరల నిలిచెను. ఆమె కుడిచేయి మాత్రము ఒడిలో చిన్నచిన్న చుట్లు తిరుగుచుండెను. ‘చెయ్యి ఆడకపోతే మాట రాదురా నాయనా’ అనెను.

గొడ్లసావడినుండి తిరగలి తెప్పించి, కడిగించి, సోలెడు బియ్యము పోయించితిని. మేనత్త అప్పటికి లేదు. మా అమ్మ ఎదుట కూర్చుండెను. రాయి తిరుగసాగెను. పాటయు సాగెను. తడవుకొనుట లేదు. ఎనుబదియేండ్ల గొంతునకు ఎక్కడనుండి వచ్చెనో గాని బలము వచ్చెను. అరగంటకు టేపు ఒక వైపు అయిపోయెను. ఒక్క నిమిషము ఆగుమంటిని. ఆమె వినలేదు; రాయి ఆగలేదు. నేను టేపును త్రిప్పి పెట్టునంతలో నాలుగు చరణములు గాలిలో కలిసిపోయెను. రెండవ వైపు సగమునకు వచ్చునప్పటికి బియ్యము అయిపోయెను. ఆమె పాటను అక్కడనే నిలిపి, పిండిని కొంగుతో ఊడ్చి, లేచిపోయెను. ఊర్మిళ ఇంకను మేల్కొనలేదు. పిదప వినిచూడగా టేపులో సగము చప్పుడు తిరగలిదే. అప్పుడు నాకు విచారము కలిగెను. ఇప్పుడు ఆ చప్పుడు కొరకైనను ఏమైన ఇత్తును.

ఏలయనగా ఆ టేపు లేదు. ప్లేటుకును టేపుకును భేదమిచ్చట తెలియవలెను. ప్లేటు మీద గాడి చెక్కినది చెక్కినదే. పగులగొట్టవచ్చును గాని మార్చి వ్రాయరాదు. టేపు మీద ఉన్నది ఇనుప తుప్పు వంటి సన్నని పొడి. అయస్కాంతము దానిని ఏ తీరున సర్దిన ఆ తీరున నిలుచును. మరల సర్దినచో పాతది తుడిచిపోవును. నాయనమ్మ పోయిన కొన్నియేండ్లకు మా ఇంట పెండ్లి వచ్చెను. పిల్లలకు సినిమా పాటలు కావలసివచ్చెను. ఖాళీ టేపని తలచి దానిమీద ఎక్కించిరి. నేను పెట్టెపై పేరు వ్రాయలేదు. పిల్లలను కేకలువేయుటకు నాకు నోరు లేకపోయెను. ఆ టేపును రెండు మూడు సారులు చివరిదాక వింటిని, ఎక్కడనైన ఒక చరణము మిగిలెనేమో యని. పెండ్లి పాటల నడుమ చప్పుడు లేని చోట గూడ తిరగలి వినబడలేదు.

మీ ఇండ్లలోను ప్లేట్లు ఉండియుండును. ఆ లక్క ప్లేట్లు మన దేశమున 1970 ప్రాంతమువరకు వచ్చుచుండెను; అటుపిమ్మట నిలిచిపోయెను. కాబట్టి ఉన్నవానిలో చిన్నదియు అరువదియేండ్లకు చేరువయై యుండును. వానిని ఒకదాని మీద ఒకటి పేర్చి బరువు పెట్టరాదు. పుస్తకములవలె నిలువుగా పెట్టవలెను. వంటయింటి అటకమీదను, ఎండ తగులు కిటికీ దగ్గరను ఉంచరాదు. మెరయునని కొబ్బరినూనె పూయువారిని చూచితిని; దుమ్ము ఆ జిడ్డులో చేరి గాడిని పూడ్చివేయును. స్పిరిటుతో అసలే తుడువరాదు. వడ్రంగి లక్కను స్పిరిటులో కరగించియే గదా తలుపులకు మెరుగుపెట్టును. ప్లేటును గూడ అది అట్లే కరగించును. మెత్తని పొడిగుడ్డతో గాడి వెంబడి చుట్టుగా తుడిచిన చాలును. పాత యంత్రముపై మాటిమాటికి వేయుట మంచిది కాదు. తేలిక ముల్లుగల క్రొత్త యంత్రముల మీద వేసి పాటను ఎక్కించుకొను నేర్పు గలవారు నేడు పట్టణములలో ఉన్నారు. వారికి పాట దొరకును గాని, ఆ ప్లేటు ఎవరు కొనిరి, ఏ పెండ్లికి వేసిరి, ఆ పద్యమును మీ ఊరిలో ఎవరు పాడెడివారు అను సంగతులు మీకు తప్ప వారికి తెలియవు. ఒక కాగితము మీద వ్రాసి ప్లేటు సంచిలో పెట్టుడు. వ్రాయని దాని గతి ఎట్టిదో ఇప్పుడే చెప్పితిని.

ఇంకొకటి. మీ ఇంటి పిల్లల చేతిలోని ఫోను గంటల కొలది పాటను పట్టగలదు. త్రిప్పి పెట్టు పని లేదు. మూడుంబావు నిమిషముల గడువు తొలగిపోయినది. తిరగలి ఎరిగిన చేతులు మాత్రము ఊరికి ఒకటో రెండో మిగిలినవి. అట్టి ముసలమ్మ మీ వీధిలో ఉన్నచో ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి పాడుమని అడుగకుడు. తిరగలి ఎక్కడనున్నదో ముందు వెదకుడు.

మొన్న వేసవిలో మా మనుమరాలు వచ్చి అటక మీది పెట్టెను దింపించెను. 11 ప్లేట్లను ఒక్కొక్కటిగా వింటిమి. వానిలో ఒకటి హరిశ్చంద్రలోని కాటిసీను. దాని అంచున అంగుళము మేర పగులు కలదు. ముల్లు ఆ పగులు దాటినప్పుడెల్ల ‘టక్కు’ మనును. పగులు ఉన్నంత మేర ప్రతి చుట్టునకు ఒక టక్కు. తరువాత పగులు దాటిపోయి పద్యము నిర్మలముగా వినబడును. మనుమరాలు ఆ టక్కుటక్కులు విని, అది డప్పు చప్పుడా తాతా అని అడిగెను. కాదమ్మా, 1956లో మీ ముత్తాతగారు ఊరికి పోయినప్పుడు, పదియేండ్లు నిండకుండ కీ ఇచ్చి ప్లేటు వేయబోయిన దొంగ చప్పుడది అంటిని. ఆ దొంగను ఆనాడు నాయనమ్మ చూచెను. పగులు తగిలిన ప్లేటును తానే సంచిలో పెట్టి, అడుగున దాచి, పోయి తిరగలి ముందు కూర్చుండెను. మా తాతగారికి ఆమె ఎన్నడును చెప్పలేదు.